కొత్త గిన్నె

న్యూజిలాండ్‌లోని డనీడిన్‌లో యూనివర్సిటీ పక్కనే అంత తక్కువ అద్దెకు ఇల్లు దొరకడమే గొప్ప. పైగా ఓనరు శకుంతల ఆంటీ తెలుగావిడ.

చేరిన రోజు ఆవిడ కొత్త గిన్నె తెచ్చింది.

"పాలు నువ్వే పొంగించాలి అక్షయా. నువ్వు వేరూ, మా అమ్మాయి వేరూనా?"

పరాయి దేశంలో ఆ ఒక్క మాటకే అక్షయ కరిగిపోయింది.

చలికాలం వెళ్లాక ఆంటీ మళ్లీ వచ్చింది. చేతిలో ఇంకో కొత్త గిన్నె ఉంది.

"ఒంట్లో బాగుంటోందా? నిద్ర పడుతోందా?"

"హాయిగా పడుతోంది ఆంటీ."

"హమ్మయ్య. అయితే ఖాళీ చెయ్యమ్మా. మా అమ్మాయి దిగుతోంది."

"మరి నన్నెందుకు చేర్చుకున్నారు ఆంటీ?"

ఆవిడ గొంతు తగ్గించింది.

"నీకు ముందున్న పిల్ల నువ్వు పడుకునే గదిలోనే ప్రాణం తీసుకుంది. అలాంటి ఇంట్లో ముందు మా పిల్లచేత పాలు ఎలా పొంగించను, నువ్వే చెప్పు."