నలభైయో మనిషి

మా ఊళ్లో మనసు బాగాలేనివాళ్లు నలభైమంది ఉంటేనే కౌన్సెలర్ రజియా మేడంకు ప్రభుత్వం రెండో జీతం ఇచ్చి ఇక్కడ ఉంచుతుంది. ఒక్కరు తగ్గినా బదిలీయే. మనసు బాగాలేనివాళ్ల చేతికి కడితే ఎర్రబడే పట్టీ, ఇవాళ అమ్మ చేతికి ఎరుపు పోయి ఆకుపచ్చగా మారింది. ఇక ముప్పైతొమ్మిది మందే. అమ్మ కన్నీళ్లు రావాలని ఉల్లిగడ్డ కూడా కోసింది.

“పట్టీ ఉల్లిగడ్డకు మోసపోదు వదినా. నీకు నయమైంది,” అని మేడం నవ్వింది.

“నువ్వు పోతే నాకు మళ్ల మొదలైతది.”

ఎలాగైనా మేడంను ఆపాలని ఆ పట్టీ నేను కట్టుకున్నాను. ఏదైనా బాధ గుర్తు తెచ్చుకుందామనుకున్నాను. ఏదీ తలచుకోకముందే అది ఎర్రబడింది.

“నలభై! మంచిగ నటించినవే!” అని అమ్మ చప్పట్లు కొట్టింది.

మేడం నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని, “ఎప్పటిసంది బిడ్డా?” అని మెల్లగా అడిగింది.

అమ్మ చేతులు గాలిలోనే ఆగిపోయాయి.