గంటల రేవు

“ఈ గంటల రేవు బొమ్మలు వేసింది మీరేనా అమ్మా?”

అంటూ లోపలికొచ్చిన మనిషిని చూడగానే, పళ్ళేన్ని కాగితంలో చుడుతున్న బాబాయి చెయ్యి ఆగిపోయింది. ఆ వచ్చినాయన పక్క వీధిలో యాత్రల కంపెనీ నడుపుతాడు. ఏదో ఒకరోజు ఇలాంటివాడెవడో వస్తాడని బాబాయికి ఎప్పటినుంచో భయంగానే ఉంది.

కొట్టు పిన్నిది. బాబాయి ఆవిడ భర్త. కొనడానికొచ్చేవాళ్ళందరికీ వాళ్ళు పిన్నీ బాబాయిలే. తెల్లటి పింగాణీ పళ్ళేలమీదా గిన్నెలమీదా ఆవిడ బొమ్మలు వేస్తుంది. ఆయన చుట్టి, కట్టి, అమ్ముతాడు. ఆవిడకి బొమ్మ ఎక్కడ పుడుతుందో చెప్పలేం. పొయ్యిమీద ఉల్లిపాయలు వేగుతుంటే గరిట వదిలేసి పరిగెత్తుకొచ్చి ఆ రంగుని పడవకి పూసేది. బస్సులో కిటికీ పక్కన కూచుని ఎక్కడికైనా వెళ్ళొస్తే చాలు, నాలుగు పళ్ళేలకి సరిపడా ఆకాశం మోసుకొచ్చేది.

కొంతకాలంగా మాత్రం అన్నిటిమీదా ఒకటే ఊరు. సముద్రపొడ్డున మెట్లుమెట్లుగా ఇళ్ళు, ప్రతి గుమ్మానికీ ఒక గంట, రేవులో కుండ పెట్టుకుని చేపలు ఉడికించే ముసలమ్మ. కింద చిన్న అక్షరాలతో ‘గంటల రేవు’. మూతపడబోయిన కొట్టు ఆ ఊరి పుణ్యమా అని నిలదొక్కుకుంది.

చిక్కల్లా బాబాయి నోటితోనే వచ్చింది. ఎక్కడుంది ఈ ఊరని ఒకావిడ అడిగితే, బేరం చెయ్యిజారిపోతుందేమోనని, “చాలా దూరంలెండి. పెళ్ళికి ముందు మా ఆవిడ అక్కడ నెల్లాళ్ళు ఉండొచ్చింది” అనేశాడు. నిజానికి ఆవిడ సముద్రం చూసిందో లేదో కూడా ఆయనకి తెలీదు. ఏ పత్రికలోనో ఫోటో చూసి వేసుంటుందని అనుకున్నాడు. ఆ మాట కాస్తా ఆ నోటా ఈ నోటా పాకిపోయింది. పిన్ని చెవిన మాత్రం పడలేదు.

ఇప్పుడు పడింది.

“నెల్లాళ్ళు ఉన్నారటగా అక్కడ!” అన్నాడు యాత్రలాయన కుర్చీ లాక్కుంటూ.

పిన్ని కుంచె పక్కనపెట్టి భర్తవంక చూసింది. ఆయన గబగబా పురికొస వెతుక్కున్నాడు.

“మీ పళ్ళేలు కొన్నవాళ్ళంతా ఆ ఊరు తీసుకెళ్ళమని నా ప్రాణం తోడేస్తున్నారమ్మా. వచ్చే నెల బస్సు వేస్తున్నాను. మీరొచ్చి దగ్గరుండి చూపించాలి.”

గిన్నెలు చూస్తున్న ఇద్దరాడవాళ్ళు ఇటు తిరిగారు. “పిన్ని వస్తానంటే మా పేర్లు కూడా వేసుకోండి” అంది ఒకావిడ.

బాబాయి గబుక్కున అడ్డుపడ్డాడు. “ఆవిడకి బస్సు పడదండీ.”

“ఎందుకు పడదు?” అంది పిన్ని. తర్వాత యాత్రలాయన వైపు తిరిగి, “మీరెప్పుడైనా వెళ్ళారా అక్కడికి?” అని అడిగింది.

“వెళ్ళడమేమిటమ్మా! ఇప్పటికి మూడుసార్లు వెళ్ళొచ్చాను.”

పిన్ని ముఖంలో రంగు మారింది. తమ పని అయిపోయిందనుకున్నాడు బాబాయి. కళ్ళారా చూసొచ్చినవాడి ముందు ఈవిడ ఎంతసేపు నెగ్గుకు రాగలదు?

“మూడుసార్లా?” అంది ఆవిడ, గొంతు పీలగా.

“ఆ! ఏమీ అనుకోనంటే ఒక మాట. మీ బొమ్మల్లో తప్పులున్నాయి.” ఆయన ఒక పళ్ళెం అందుకున్నాడు. ఆడవాళ్ళిద్దరూ దగ్గరికొచ్చి తొంగిచూశారు. “ఈ మెట్లు రేవుకి ఎడమపక్క ఉండాలి. ఇక్కడ కుడిపక్క వేశారు. ఈ ముసలమ్మ చేపలు ఉడికించేది కుండలో కాదు, ఇత్తడి గిన్నెలో. నేను తిన్నానుగా! పైన నిమ్మకాయ పిండి ఇస్తుంది.”

“ఆవిడ ఇంకా ఉందా?” అంది పిన్ని మెల్లగా.

“లేదమ్మా, పోయింది పాపం. ఇప్పుడు కూతురు చూసుకుంటోంది.”

పిన్ని అరచేత్తో నోరు మూసుకుని తల వంచుకుంది. భుజాలు అదిరాయి.

“అయ్యో, ఊరుకోండి పిన్నీ” అంది ఒకావిడ, వీపు నిమురుతూ.

“అన్నట్టు, మీరు అక్కడ ఎక్కడ దిగారమ్మా?” అన్నాడు యాత్రలాయన.

బాబాయికి ఇంకేం తోచలేదు. చేతిలో ఉన్న పళ్ళెం వదిలేశాడు. అది భళ్ళున పగిలింది. అందరూ ఉలిక్కిపడి చూశారు గానీ, అడిగిన ప్రశ్న మాత్రం అలాగే నిలబడి ఉంది.

“మీరు కాస్త కూచోండి” అంది పిన్ని భర్తతో. కళ్ళు తుడుచుకుని యాత్రలాయనకేసి తిరిగింది. “మీకు తెలిసినంత నాకెక్కడ తెలుసండీ! దారి మీకు కొట్టినపిండి కదా, మీరే ముందుండి తీసుకెళ్ళండి. మీ వెనకాలే నేనూ వస్తాను. అక్కడ దిగాక నా తప్పులన్నీ ఒక్కొక్కటే చూపిద్దురుగాని.”

యాత్రలాయన గొంతు సవరించుకున్నాడు. ఆడవాళ్ళు ఆయన నోటివంకే చూస్తున్నారు.

“అలాగే... తప్పకుండా” అని లేచాడు. ఆడవాళ్ళిద్దరూ “ఏ తేదీన బయల్దేరదామండీ?” అంటూ ఆయన్ని వీధిలోకి తరుముకుపోయారు.

బాబాయి దభాలున తలుపు వేశాడు.

“నీకు మతిగానీ పోయిందా? అక్కడ దిగాక, ఈవిడ ఈ ఊరు మొహమే చూడలేదని వాడు నలుగురిలో తేల్చేస్తే? మన కొట్టు గతేం కాను? తప్పు నాదే, కోతలు కోసింది నేనే. ఇప్పుడే వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను.”

“వద్దు. మీ సంగతి తర్వాత చూస్తాను.”

“ఏ ఫోటో చూసి వేశావో అదైనా ఇటివ్వు. ఊరు ఏ దిక్కునుందో, బసలెక్కడున్నాయో ఈ నెల్లాళ్ళూ కూచుని బట్టీపడదాం.”

“నేను ఏ ఫోటోనూ చూడలేదండీ.”

“మరి ఆ ఊరి సంగతి ఎలా తెలిసిందే నీకు?”

పిన్ని మళ్ళీ కుంచె తీసుకుంది.

“అలాంటి ఊరే లేదు.”