పరాయి కేక

పెంకుల మీంచి జారి, సరిగ్గా పీపాల గుట్ట మీద పడ్డాడు ఆ మనిషి.

మిలాన్‌లో తిరుగుబాటు మొదలై అది మూడో రోజు. ఆస్ట్రియా సైన్యం రాకుండా జనం బళ్లూ, చర్చి బల్లలూ, ఖాళీ పీపాలూ వీధికి అడ్డంగా పేర్చారు.

పీపాలు చేసే గౌదెంజియో పరుగున వెళ్లి అతని కాలరు పట్టుకున్నాడు.

"ఎవడ్రా నువ్వు?"

"మంచి... నేను మంచి," అన్నాడతను, వచ్చీరాని ఇటాలియన్‌లో.

"మంచోడివైతే వీధిలోంచి రావాలిగానీ, పిల్లిలా పెంకులెక్కి రావడమేంట్రా?"

చొక్కా మామూలుదే. బూట్లు మాత్రం సైన్యానివి.

"గూఢచారి!" అన్నారెవరో.

"వాళ్లు వస్తారు. ఇప్పుడే. నన్ను పైన నిలబెట్టండి. నేను అరుస్తా," అంటూ అతను అడ్డుగోడ మీదికి చూపించాడు.

"అరుస్తావా? మేం ఎంతమందిమో లెక్క చెప్పడానికా?"

రొట్టెలు కాల్చే తెక్లా అడ్డొచ్చింది. "ఉండరా, చెప్పేదేదో చెప్పనీ."

"నిన్న మా తమ్ముణ్ణి చంపింది ఈ బూట్లోళ్లే అక్కా! వీడితో మాటలేంటి?" అన్నాడు గౌదెంజియో.

తెక్లా భుజం మీది పిండిగుడ్డ తీసి ఇచ్చింది.

ఆ గుడ్డ అతని నోట్లో కుక్కి, దీపస్తంభానికి కట్టేశారు.

అంతలోనే డప్పు మోగింది.

వీధి మొగలో సైనికులు కనిపించారు. నలభై మందికి తక్కువ ఉండరు. ఇటు తుపాకులు ఏడు. వాటిలో పేలేవి నాలుగు.

"దగ్గరికి రానీండి," అన్నాడు గౌదెంజియో. తుపాకీ భుజానికి ఆనించాడు.

యాభై అడుగులు. నలభై. తెక్లా కళ్లు మూసుకుంది.

వెనక ఆ మనిషి స్తంభానికి ముఖం రాసి రాసి గుడ్డ ఊడగొట్టుకున్నాడు. చెంప చీరుకుపోయింది.

గట్టిగా కేకేశాడు. రెండే మాటలు. ఇటాలియన్ కాదు, జర్మనూ కాదు. వీధంతా మారుమోగింది.

"పిలుస్తున్నాడు, ద్రోహి!"

గౌదెంజియో గిరుక్కున తిరిగి కాల్చాడు.

అతని తల వాలిపోయింది.

అటు సైనికుల ముందు వరుస ఆగింది. ఆఫీసరు కత్తి ఊపుతూ జర్మన్‌లో తిట్టాడు. ఒక్కడూ ముందుకు కదల్లేదు. అందరూ వెనుదిరిగి, వరుస చెదరకుండా వచ్చిన దారినే వెళ్లిపోయారు.

జనం అడ్డుగోడ మీదికెక్కి చూశారు.

"ఒక్క తూటాకే హడలిపోయార్రోయ్!" అని ఎవరో అరిచారు. గౌదెంజియోను భుజాల మీదికెత్తుకున్నారు.

మరో రెండు రోజులకు సైన్యం నగరం వదిలిపోయింది. కాలు విరిగి వెనకబడ్డ సైనికుణ్ణొకణ్ణి ఆ వీధిలోకి మోసుకొచ్చారు. ఆస్ట్రియా సైన్యంలో పనిచేసే హంగరీవాడు. మిలాన్‌లో నాలుగేళ్లుగా ఉన్నాడు, భాష వచ్చు.

తెక్లా రొట్టె ఇచ్చింది. అతను అందుకోలేదు. గోడ పక్కన, ఇంకా పూడ్చని ఆ మనిషి శవాన్నే చూస్తూ టోపీ తీశాడు.

"మీవాడేనా?" అన్నాడు గౌదెంజియో నవ్వుతూ. "ఏమని పిలిచాడు మిమ్మల్ని?"

"పిలవలేదయ్యా."

అతను కళ్లు తుడుచుకున్నాడు.

"మా సార్జెంటు ఆయన, జనం మీద కాల్పించలేనని ముందురోజే పారిపోయాడు, పదకొండేళ్లు ఆయన గొంతు వింటూ నడిచినవాళ్లం, ఆ రోజు మా భాషలో 'వెనక్కి తిరగండి' అన్నాడు, తిరిగాం."