సగం చికోరీ

“ఇందులో చికోరీ ఎంత?” అంది సుంకాల అధికారిణి, గ్లాసులో కలిపిన కాఫీని వెలుతురుకు ఎత్తి పట్టుకుని.

“సగం ఉంటుందండీ,” అన్నాడు కాఫీ షావుకారు తడుముకోకుండా.

పక్కనున్న ఏజెంటు తేలు కుట్టిన దొంగలా నేలచూపులు చూశాడు. షావుకారు దిగుమతి కాగితాలన్నీ రాసేది అతనే. ఓడలో వచ్చిన కాఫీ డబ్బాల్లో చికోరీ చిటికెడు కూడా లేదని ఇద్దరికీ తెలుసు. అచ్చమైన ఇన్‌స్టంట్ కాఫీకి సుంకం ఎక్కువ, చికోరీ కలిసిన పొడికి తక్కువ. సగం చికోరీ అని రాసిన ప్రతిసారీ విచారణకు పిలుపు వస్తుంది. ప్రతిసారీ అసలు సుంకానికి జరిమానా తోడవుతుంది.

“ల్యాబు రిపోర్టు వచ్చింది. ఒట్టి కాఫీయే,” అంది ఆమె. మొహంలో నవ్వు లేదు. “పోయిన నెలా ఇదే మాట చెప్పారు.”

“పొరపాటు పడ్డానండీ.”

“అప్పుడు ఒంట్లో బాలేదని వాయిదా కూడా అడిగారు. ఇప్పుడెలా ఉంది?”

“నెమ్మదించిందండీ.”

“మందులు?”

“వేళకే వేసుకుంటున్నా.”

“వాయిదా ఇచ్చాక కారణం సరిచూడాలి. అందుకని అడిగాను.”

“ఇంకేమైనా అడగాలా అండీ?” అన్నాడు షావుకారు కుర్చీలో సర్దుకు కూర్చుంటూ. ఏజెంటు బల్ల కింద అతని కాలు తొక్కాడు.

“లేదు. పూర్తి సుంకం, పైన జరిమానా కట్టండి. ఇంకోసారి ఇలా రాస్తే మళ్ళీ పిలవాల్సి వస్తుంది.”

“పిలవండి. వస్తాను.”

వరండాలోకి రాగానే ఏజెంటు పట్టలేకపోయాడు.

“కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనండీ! ఉన్నది ఉన్నట్టు రాస్తే సరుకు నేరుగా గోడౌనుకి పోతుంది. మిమ్మల్ని పిలిచే నాథుడే ఉండడు.”

“తెలుసు.”

“ఈ విద్య నాకు నేర్పిందే మీరు. ఏ పొడికి ఎంత సుంకమో నిద్రలో లేపి అడిగినా చెప్తారు. ఇలా జరిమానాలు కడితే వ్యాపారం నిలుస్తుందా?”

“నిలుస్తుంది. లాభం కాస్త తగ్గుతుంది, తగ్గనీ.”

“పోనీ, ఎప్పుడో ఒకసారి దొరక్కుండా పోతామనుకుందామంటే, కాఫీ కేసులన్నీ ఈవిడ దగ్గరికే వస్తాయి. ఈ మేడమ్ ముందు మన పప్పులు ఉడకవండీ.”

“ఉడకవు,” అన్నాడు షావుకారు గర్వంగా.

కౌంటరు దగ్గర బేరమాడకుండా మొత్తం కట్టేశాడు. రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“వచ్చే ఓడకి కూడా సగం చికోరీ అనే రాయి.”

“నా లైసెన్సు మీదకొస్తుందండీ!”

“నా మాట మీదే రాశావని సంతకం పెట్టిచ్చాను. నీ జోలికి ఎవరూ రారు.”

“అసలు ఎందుకండీ ఇదంతా?”

షావుకారు వెనక్కి తిరిగి అధికారిణి గది తలుపు వంక ఒకసారి చూసి, మెట్లు దిగాడు.

అక్కడ తప్ప అతని కూతురు అతనితో మాట్లాడదు.