గంటలో కర్నూలు

విశ్వాసమ్మ విమానానికి ఎదురుగా పోయి నిలబడింది.

"ఏయ్! పక్కకు పో! చస్తావా?" ఇంజనీరు అరిచాడు.

"సచ్చేటట్టుండేది నా కూతురు సామీ. కర్నూలు ఆసుపత్రిలో పడుండాది. కండ్లతో ఒక్కసారన్నా చూసుకోవల్ల. మీ ఇమానం ఆడికే గదా పోతాండాది!"

కడపలో కొత్తగా వేసిన రన్‌వే అది. దాని కింద పరిచిన కంకరంతా విశ్వాసమ్మలాంటి కూలీలు కొట్టిందే. కర్నూలు నుంచి వచ్చిన పెద్దమనిషి దిగి కారులో పోయాడు. విమానం ఖాళీగా తిరిగిపోతోంది.

పొద్దున్నే కబురు తెచ్చిన తమ్ముడు దాసన్న ఆమె చెయ్యి పట్టి లాగాడు. "బస్సుకు పోదాం రాక్కా. సాయంత్రానికి చేరతాం."

"సాయంత్రానికా? కృపమణి జ్వరంతో కాలిపోతాందని నువ్వే చెప్తివి. మళ్లా బస్సంటావేందిరా? నీ బిడ్డయితే ఇట్లనే నిదానిస్తావా?"

దాసన్న తల వంచుకున్నాడు. వచ్చినప్పటి నుంచీ అంతే, కాళ్లీడుస్తున్నాడు. ఆమెకు ఒళ్లు మండింది. పైలట్ వైపు తిరిగింది.

"గాల్లో పోతే ఎంతసేపు సామీ?"

"వంద మైళ్లు. గంట పట్టదమ్మా."

"ఇంటివా దాసా! గంట!"

"కూలోళ్లను ఎక్కించుకుంటే నా ఉద్యోగం పోతుంది," అన్నాడు ఇంజనీరు.

"కంకర కొట్టేదానికి మా చేతులు పనికొచ్చినాయే! మా రాళ్ల మీద ఉరికే బండికి, నన్ను మోసేదానికి నామోషీనా?"

గంపలు దించి కూలీలంతా వచ్చారు. ముందు సుంకమ్మ విమానం చక్రాల ముందర బోర్లా పడుకుంది. "ఆయమ్మను ఎక్కించుకోండి. లేదంటే మా మీదనే తోలుకోని పోండి!"

ఒకరి పక్కన ఒకరు అందరూ పడుకున్నారు. ఎర్రటి ఎండ. కాలే నేల. ఒక్కరూ కదల్లేదు.

ఇంజనీరు మొహం తిప్పుకున్నాడు. పైలట్ తలుపు తీశాడు.

నేల కిందికి జారిపోతుంటే విశ్వాసమ్మ కండ్లు మూసుకుంది. "ప్రభువా, ఒక్క గంట దాని ఊపిరి నిలుపు." పక్కన ఎక్కిళ్లు వినపడి చూసింది. దాసన్న కిటికీకి మొహం ఆనించి ఏడుస్తున్నాడు.

"ఇంత పిరికోడివేందిరా! పడిపోములే, ఊరుకో."

కాసేపటికి పైలట్ వెనక్కి తిరిగాడు. "కర్నూలు వచ్చేసిందమ్మా."

విశ్వాసమ్మ మొహం వెలిగిపోయింది. "సూడు! నీ మాట ఇనుంటే ఇంకా మైదుకూరు గూడా దాటుండం."

దాసన్న ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"బస్సులో ఊరికొక మాట చెప్పుకుంటా పోదామనుకుంటినక్కా. మైదుకూరులో జ్వరం ముదిరిందని, ఆళ్లగడ్డలో మాట పడిపోయిందని... నంద్యాల దాటినాక, నిన్ననే మట్టి చేసినామని. ఊర్లన్నీ కిందనే పాయె గదక్కా!"