రెండో సంచీ

"టీమ్ అమ్మెయ్, టీమ్ అమ్మెయ్" అంటూ స్టేడియంలో కుడివైపు బెంచీలన్నీ ఊగిపోతున్నాయి. ఆ కేకలకి మొదట గొంతెత్తింది మాత్రం కాజ్ కాదు. అందుకే కాజ్ కడుపు మండిపోతోంది.

కిరాణా కాగితం సంచీకి రెండు కంతలు పెట్టి, తలకి తగిలించుకుని బేస్‌బాల్ ఆటకి రావడం ఈ ఊళ్ళో మొదలుపెట్టింది అతనే. రివర్‌మెన్ జట్టు ఓనరు ట్రెడ్‌వెల్ ఎంగిలిచేత్తో కాకిని తోలే రకం కాదు. ఏ ఆటగాడైనా బాగా ఆడి జీతం పెంచమంటాడని తెలియగానే వాణ్ణి ఏ పెద్ద ఊరి జట్టుకో సాగనంపుతాడు. కిరోజ్ లాంటి బ్యాటర్ని కూడా అలాగే పంపేసినప్పుడు, ఇలాంటి జట్టుకి అభిమానినని చెప్పుకోవడానికి సిగ్గేసి కాజ్ సంచీలో ముఖం దాచుకున్నాడు. టీవీలో ఆ సంచీ కనిపించింది. మర్నాడు బస్ డిపోలో తోటి మెకానిక్కులు వరసపెట్టి చేతులు కలిపారు. అతని బతుకులో చెప్పుకోదగ్గ గొప్ప అదొక్కటే.

ఈ వేసవిలో రెండో సంచీ వచ్చింది. అతనెవరో ఎవరికీ తెలియదు. ఒంటరిగా వస్తాడు. మైదానం వైపు కాకుండా పైన ఓనరు కుటుంబం కూర్చునే అద్దాల గది వైపు తిరిగి అరుస్తాడు. గొంతు కంచు. మాటలు అంతకంటే పదును.

"పోయినేడాది టోపీలే ఉతికించి మళ్ళీ ఇచ్చారు వీళ్ళకి" అన్నాడు ఇవాళ. బెంచీలు గొల్లుమన్నాయి.

"నీకెలా తెలుసు?" కాజ్ నిలదీశాడు.

"అలా చెవిన పడుతుంటాయి, పెద్దాయనా."

పక్క సీటులో ఉండే మార్వా, బడిలో వంటమనిషి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఏం కాజ్, సవతిపోరు ఎలా ఉంది?"

"వాడు టీవీలో పడ్డానికి వచ్చాడే."

"నువ్వేమో తపస్సు చేసుకోడానికి వచ్చావు మరి."

కాజ్ ఉడుక్కున్నాడు. మార్వా వదలలేదు. "అతన్ని చూసి నేర్చుకో. ఇంటి నుంచి రొట్టె తెచ్చుకుంటాడు. ఇక్కడ ఒక్క హాట్‌డాగ్ కొన్న పాపాన పోలేదు."

ఆ మాట రెండో సంచీకి వినపడింది. "ఆ ధరకి ఎవడు కొంటాడమ్మా? నేనసలు టికెట్టే కొనను. గేటు దగ్గర అందరూ తెలిసినవాళ్ళే."

ఓనరు జేబులోకి పైసా పోనివ్వని మొనగాడని బెంచీలన్నీ చప్పట్లు కొట్టాయి. కాజ్ చేతిలో సగం తిన్న హాట్‌డాగ్ ఉంది. అది మెల్లగా బెంచీ కిందకి చేరింది.

"అదుగో, ఓనరు కుర్చీ ఇవాళా ఖాళీయే" అంది మార్వా పైకి చూస్తూ. "పాపం వాళ్ళమ్మ, ఆ ముసలావిడ ఒక్కతే దుప్పటి కప్పుకుని కూర్చుంది. మొగుడు వదిలివెళ్ళిన జట్టని ఒక్క ఆటా మానదు."

"సొంత జట్టు ఆట చూడ్డానికి కూడా మొహం చెల్లదు వాడికి" అన్నాడు కాజ్. ఇంతకన్నా మంచి మాట తనకి ఎందుకు తట్టదా అని లోపల కుమిలిపోయాడు.

ఆట అయిపోయింది. రివర్‌మెన్ మామూలుగానే ఓడిపోయారు. టీవీ అమ్మాయి మైకు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. ఈ సీజన్లో సొంతూళ్ళో ఇదే ఆఖరి ఆట. రాత్రి వార్తల్లోకి సంచీ మనిషితో మాట్లాడాలట. కాజ్ ఆ ఘడియ కోసం పొద్దున్నే సంచీ ఇస్త్రీ చేసుకుని మరీ వచ్చాడు.

"అసలు సంచీ మనిషి ఎవరండీ?" అని అడిగింది.

చేతులన్నీ రెండోవాడి వైపు లేచాయి. మార్వా చెయ్యి కూడా లేచింది, కాజ్‌ని చూసి సగంలో దిగింది. కాజ్ గుండె చెరువైపోయింది.

"నాకొద్దమ్మా" అంటూ రెండో సంచీ గబగబా మెట్ల వెనక్కి వెళ్ళిపోయాడు.

టీవీ అమ్మాయి చుట్టూ చూసి కాజ్ వైపు తిరిగింది. "పోనీ, మీరు మాట్లాడతారా?"

ఆ 'పోనీ' కాజ్‌కి ముల్లులా దిగింది. ఇంకొకడు వద్దన్న విస్తరి తనకి జరిపినట్టనిపించింది. మైకుని తోసేసి మెట్ల వెనక్కి పరుగెత్తాడు. వాడు ఏ డబ్బున్న జట్టుకో అభిమాని అయ్యుంటాడు. మనల్ని చూసి నవ్వుకోడానికే వస్తున్నాడు. ఆ సంచీ లాగి పారేస్తే అందరికీ తెలిసొస్తుంది.

నడవాలో అతని చొక్కా దొరకబుచ్చుకున్నాడు. "నాకంటే గట్టిగా అరిచే హక్కు నీకెక్కడిదిరా? మా నాన్న భుజాలెక్కి చూశాను నేను ఈ జట్టుని."

"నేనూ మా నాన్న పక్కన కూర్చుని చూస్తూ పెరిగినవాణ్ణే" అన్నాడతను. ఇందాకటి కంచు గొంతు కాదది, బాగా అలిసిపోయింది. "వేసవంతా మొత్తుకున్నాను. వినాల్సినవాళ్ళు వినట్లేదు."

"వాడెందుకు వింటాడు? చెవుల్లో సీసం పోసుకున్నాడు."

"వాడికి వినపడుతోంది, పెద్దాయనా. ఒక్క ముక్క పొల్లుపోకుండా వినపడుతోంది."

"మరి అమ్మి చావడేం?"

అతను తలమీది సంచీ తీశాడు. చిరగకుండా నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. పేపర్లో చూసి ఎన్నిసార్లో తిట్టుకున్న ఆ ముఖం చూడగానే కాజ్ చొక్కా వదిలేశాడు.

"అమ్మ అమ్మనివ్వట్లేదు."