మెట్ల మలుపు

"ఆగవే, నాకు ఆయాసంగా ఉంది" అంటూ ముసలి సైనికుడు మెట్ల మలుపులో మళ్ళీ ఆగాడు. వెనక వస్తున్న భార్య రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయింది. పరీక్ష గది మూడో అంతస్తులో ఉంది. లిఫ్టుకి అంటించిన 'పనిచేయదు' కాగితం పచ్చబడిపోయింది.

"ఆస్తమా ఉందో లేదో చూడ్డానికి మిషన్ ఎందుకు? ఈ మెట్లు చాలవూ!" అన్నాడు. ఆమె నవ్వబోయి ఊరుకుంది.

సైన్యంలో ఉండగా పొగ మింగి తెచ్చుకున్న ఆస్తమా అని కాగితాల్లో ఉంది. వైకల్యం వందకి ముప్పై అని తేల్చారు. ఆ ముప్పై ఉన్నంతకాలం ఇన్‌హేలర్లు ఉచితం. ఇవాళ్టి పరీక్షలో తగ్గిస్తే ఆగిపోతాయి. బయట కొనే స్తోమత వాళ్ళకి లేదు.

గదిలో పరీక్ష చేసే అతను ఊదుడు గొట్టం అందించాడు.

"పొద్దున ఇన్‌హేలర్ పీల్చలేదు కదా, పెద్దాయనా?"

"లేదు."

"బలమంతా పెట్టి ఊదండి. మూడుసార్లూ ఒకేలా రావాలి. నటించేవాళ్ళు ఇక్కడే దొరికిపోతారు."

ఆయన ఊదాడు. ఊపిరి సగంలో తెగింది. చివర సన్నగా పిల్లికూత. మూడుసార్లూ అంతే. అది ఎక్కడ తెగుతుందో ఆయనకి ఏళ్ళుగా తెలుసు.

"ఇన్‌హేలర్ రోజూ కావాల్సొస్తోందా?"

"పొద్దునా రాత్రీ. అది లేకపోతే మా ఇంట్లో ఎవరికీ నిద్రుండదు."

అతను ఆమె వైపు తిరిగాడు. "ఇంట్లోవాళ్ళ మాట కూడా వినాలమ్మా. రాత్రిళ్ళు ఎలా ఉంటోంది?"

"పడుకుంటే... ఊపిరాడదు. లేచి... కూర్చోవాలి. వీపు రాస్తే... కాస్త నయం."

"అమ్మగారు మాటల్లో భలే పొదుపే!"

"అందుకేగా బాబూ, ఇన్నేళ్ళు కాపురం నిలబడింది" అన్నాడు ముసలాయన.

అతను పకపకా నవ్వాడు. ముప్పై ముప్పైగానే ఉంచి, కొత్త ఇన్‌హేలర్ చేతిలో పెట్టాడు.

దిగుతూ మొదటి మలుపులోనే ఆగారు. "గట్టెక్కాం" అన్నాడాయన. ఆమె గోడకి ఆనుకుని తలూపింది.

ఆయన గబగబా కింది అంతస్తుదాకా దిగి చూసి, అంతే గబగబా పైకి ఎక్కి వచ్చాడు. ఎవరూ రావడం లేదు. ఇన్‌హేలర్ మూత తీసి ఊపాడు.

భార్య నోటికి పెట్టాడు.